నాంపల్లికి మూడు డబ్బాల రొయ్యలు

మా ఒలుపు షెడ్డు మూతపడి అప్పటికి నెల దాటింది. ఆకివీడు చుట్టుపక్కల చెరువుల నుంచి వచ్చే రొయ్యల తల తీసి, పొట్టు ఒలిచి, వీపు మీది నల్ల నరం లాగి, ఐసులో సర్ది పెద్ద ప్లాంటుకు పంపడం మా పని. అక్కడి నుంచి సరుకు అమెరికా వెళ్లేది. ఆ దేశంలో సుంకాలు పెంచారనీ, ఇక కొత్త ఆర్డర్లు లేవనీ ఒకరోజు ఫోన్ వచ్చింది. షెడ్డులో పనిచేసే ఆడవాళ్లంతా నా వైపు చూశారు. నేనెవరి వైపు చూడాలో నాకు తెలియలేదు.

అలాంటప్పుడు మా సంఘం నుంచి కబురొచ్చింది. దేశంలోని రొయ్యల రైతులు, ఒలుపు షెడ్లవాళ్లు, ఎగుమతిదారులు కలిసి పెట్టుకున్న సంఘం అది. ఏటా చందా కట్టడమే గానీ దానితో నాకెప్పుడూ పెద్దగా పని పడలేదు. హైదరాబాద్ కార్యాలయం చూసుకునే కార్యదర్శి నిర్మల గారే స్వయంగా మాట్లాడారు. ఆవిడ ఆబిడ్స్‌లో పుట్టి పెరిగిన మనిషి.

"సత్యవతక్కా, బయటి దేశపోళ్లు కొనుడు తగ్గిస్తే గీడ తినేటోళ్లను దేవులాడుకుందాం. నాంపల్లిల ఒక హాలు మాట్లాడి హోటళ్లోళ్లను, పెండ్లి వంటలోళ్లను పిలుస్తున్నం. నీ సరుకు పట్టుకొని రా, నువ్వే వండి పెట్టు" అన్నారు.

తాడేపల్లిగూడెంలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మూడు థర్మోకోల్ డబ్బాలు లగేజీ పెట్టెలో బుక్ చేశాను. ఇలా సరుకుతో వెళ్లేవాళ్లు రైలు సమయానికి చాలా ముందే పార్సిల్ ఆఫీసుకు చేరుకోవాలి. డబ్బాలకు టేపు చుట్టేస్తే సరిపోదు, తాడుతో బిగించి కట్టాలి. ఆ సంగతి నాకు మర్నాడు తెలిసింది. స్లీపర్ బోగీలో పక్క బెర్తు పెద్దావిడ నా ప్రయాణం సంగతి విని, "హైదరాబాదోళ్లకి మేకమాంసం ఉంటే చాలమ్మా, రొయ్యలెవరు కొంటారు?" అంది. ఆ మాటతో నాకు సరిగా నిద్ర పట్టలేదు.

తెల్లవారాక నాంపల్లిలో దిగాను. డబ్బాలు విడిపించుకుంటే ఒకదాని మూత పగిలి ఉంది, అడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి. స్టేషన్ బయట ఆటో ఆయన చూసి, "ఏందక్కా, ఐసంతా కరుగుతుంది గదా! జర ఆగు, ముందు మొజంజాహీ మార్కెట్‌కు పోదాం" అన్నాడు. అక్కడ ఒక ఐస్‌క్రీమ్ దుకాణం షట్టరు సగం ఎత్తి లోపల కడుగుతున్నారు. విషయం చెబితే దుకాణం ఆయన లోపలి నుంచి తొట్టెడు ఐసు తెచ్చి తనే డబ్బాల్లో నింపాడు. ఎంతివ్వమంటారని అడిగితే, "నీళ్ల గడ్డకు పైసలేందమ్మా, పో, నీ పని చూసుకో" అన్నాడు. ఊరు కాని ఊళ్లో పొద్దున్నే అలాంటి మాట వినడం నాకు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

సంఘం కార్యాలయం ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణం పై అంతస్తులో ఉంది. డబ్బాలు ఎక్కించి, మొహం కడుక్కుని, పగిలిన డబ్బాలో చెయ్యి పెట్టి చూశాను. పైనున్న రొయ్యలు మెత్తబడ్డాయి. చూపుకు ఏమీ తెలియదు. కొత్త ఐసులో కలిపేసి, కారం దట్టించి వేయిస్తే తిన్నవాళ్లకూ తెలియకపోవచ్చు. కానీ ఏళ్ల తరబడి ఆ పని చేసిన వేళ్లకు తెలుస్తుంది. చెయ్యి తుడుచుకుని నిర్మల గారి దగ్గరికి వెళ్లి చెప్పేశాను.

"మంచిగ చెప్పినవక్కా" అన్నారావిడ. "వెనుక ఒక్కళ్ల సరుకు పరీక్షల ఫెయిలైతే, అందరి కంటెయినర్లూ రేవుల ఆపేసిన్రు. తప్పు చెయ్యనోళ్లు గూడ నష్టపోయిన్రు. గప్పటి సంది సరుకు బయటికి పోకముందే మనమే పరీక్ష చేపిద్దామని సంఘంల అందరం అనుకున్నం. గా డబ్బ పక్కకు పెట్టు."

పక్కకైతే పెట్టాను గానీ మిగిలిన రెండు డబ్బాలతో హాలు నిండా వచ్చేవాళ్లకు ఏం వండను? నాలాగే సరుకుతో వచ్చి, అక్కడే కూర్చుని ఇడ్లీ తింటున్న నెల్లూరు సుబ్బారెడ్డి గారు మా మాటలు విన్నారు. ఆయనదీ ఒలుపు షెడ్డే. నాకు రావలసిన ఆర్డర్లు చాలాసార్లు ఆయనకే వెళ్లేవి, అందుకే ఎక్కడ కలిసినా ముక్తసరిగానే మాట్లాడుకునేవాళ్లం. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, తన డబ్బా ఒకటి ఎత్తి నా డబ్బాల పక్కన పెట్టారు.

"తీసుకోమ్మా. ఈ పొద్దు ఈడ నీ రొయ్య, నా రొయ్య అని లేదు" అన్నారు.

పదకొండింటికి నాంపల్లి స్టేషన్ రోడ్డులోని హాలుకు చేరాం. నేను వేపుడు చేశాను, సుబ్బారెడ్డి గారి మనిషి పులావు వండాడు. జనం బాగానే వచ్చారు. కొందరు రుచి చూసి, "మాకు మటనే నడుస్తది" అని వెళ్లిపోయారు. అలా ఒక్కొక్కరూ వెళ్తుంటే రైల్లో పెద్దావిడ మాట గుర్తొచ్చింది. అప్పుడు యాదగిరి అనే పెళ్లి వంటల కాంట్రాక్టరు నా చేత గరిటె కింద పెట్టించి మరీ అడిగాడు.

"ఒక మాట అడుగుత, బురా అనుకోకు. చెరువు రొయ్యలకు మందులు కొడ్తరట గదా? పెండ్లిల అంత మందికి పెడ్త. రేపు ఎవరికన్న ఏమన్నయితే నన్ను వట్టుకుంటరు."

నిర్మల గారు ముందుకొచ్చారు. చెరువులో రొయ్యలు పట్టకముందే శాంపిల్ ల్యాబ్‌కు పోతుందనీ, ఏది ఏ చెరువు సరుకో సంఘం దగ్గర రాసి ఉంటుందనీ, తేడా వస్తే వెనక్కి తీసుకునే పూచీ సంఘానిదేననీ నిదానంగా చెప్పారు. ఆయన అంతా విని నా వైపు తిరిగాడు. "కాయితాల సంగతి సరే. నువ్వేమంటవక్కా?"

నాకు పెద్ద మాటలు రావు. "పొద్దున ఒక డబ్బా వేడెక్కిందండి. అది వండలేదు. ఈ వేపుడులో కొన్ని మావి కావు, సుబ్బారెడ్డి గారివి" అన్నాను.

ఆ డబ్బా చూపించమన్నాడు. వెనక వరండాలోకి తీసుకెళ్లాను. ఒక రొయ్య తీసి నలిపి, వాసన చూసి, "గిది గూడ వండి పెట్టేటోళ్లున్నరు" అని గొణిగాడు. తిరిగొచ్చి ప్లేటు నిండా వేపుడు వేసుకుని కూర్చున్నాడు. తినడం అయ్యాక వారానికి రెండుసార్లు ఒలిచిన సరుకు కావాలన్నాడు. సగం నాది, సగం సుబ్బారెడ్డి గారిది. ఆయన్ను చూసి ఇంకో ఇద్దరు హోటళ్లవాళ్లు కూడా ఒప్పుకున్నారు. విడివిడిగా మేమెవరం చల్లటి వ్యాను పెట్టుకోలేం గనక, భీమవరం వైపు షెడ్లన్నిటికీ కలిపి ఒక వ్యాను, నెల్లూరు వైపు ఇంకొకటి సంఘమే మాట్లాడుతుందని నిర్మల గారు చెప్పారు.

మధ్యాహ్నం అందరం అదే హాల్లో కూర్చుని మిగిలిన పులావు తిన్నాం. రైలుకు వ్యవధి ఉండటంతో సుల్తాన్ బజార్‌లో కాసేపు తిరిగి, సాయంత్రం అయిదు గంటల గోదావరి ఎక్స్‌ప్రెస్ నాంపల్లిలోనే ఎక్కాను. హైదరాబాద్ నేను పెద్దగా చూడలేదు. చూసిందల్లా ఒక మార్కెట్టు, ఒక మేడ మీది ఆఫీసు, ఒక హాలు. కానీ ఆ ఒక్క రోజులో నాకు సాయపడ్డవాళ్లను తలుచుకుంటే మనసు నిండిపోయింది. ఒంటరిగా వచ్చి ఉంటే, సరుకు బాగుందని ఎంత చెప్పినా నా మాట వినేదెవరు?

రైలు కదిలాక షెడ్డులో అందరికన్నా పాత మనిషి మంగకు ఫోన్ చేశాను. తీయగానే, "ఏమైందక్కా?" అంది.

"సోమవారం షెడ్డు తీద్దాం మంగా. కానీ వారానికి రెండు రోజులే పని, అదీ సగం మందికే. ఎవరిని పిలవాలో తెలీడం లేదు."

అవతల ఆమె మిగతావాళ్లతో ఏదో మాట్లాడటం వినిపించింది. అందరూ అక్కడే ఉన్నట్టున్నారు, నా ఫోన్ కోసమే.

"ఎవర్నీ ఏరకక్కా" అంది మంగ. "వంతులేసుకుంటాం. అందరం వస్తాం."