రేకులకు ఆనుకున్న పెట్టె

మా శాఖలో పనిచేసి విరమించినవాళ్లు నలుగురు కలిస్తే ఒక మాట తప్పకుండా వస్తుంది. ఆ రోజుల్లో పల్లె జనానికి కుటుంబ నియంత్రణ తొడుగు వాడటం రాలేదనీ, ఎంత చెప్పినా తలకెక్కలేదనీ, పథకం కుంటుపడటానికి అదే కారణమనీ అంటారు. నేనూ చాలాకాలం ఆ మాటే అన్నాను. అనడంతో ఆగక, ఒక నెలాఖరు నివేదికలో అదే అర్థం వచ్చేట్టు రాసి సంతకం చేశాను. ఆ రాత అబద్ధం. ఆ కాగితం ఎప్పుడో చెదల పాలై ఉంటుంది. దాన్ని దిద్దే అధికారమూ ఇప్పుడు నాకు లేదు. జరిగింది జరిగినట్టు ఇక్కడ పెట్టడం ఒక్కటే నా చేతిలో ఉన్న పని.

1966 ఫిబ్రవరిలో నన్ను మహబూబ్‌నగర్ నుంచి నల్లగొండ జిల్లాకు బదిలీ చేశారు. నార్కట్‌పల్లిలో బస్సు మారి మరో గంట పోతే వచ్చే ఒక పంచాయతీ సమితి కేంద్రం అది. పేరు రాయను. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నాది విస్తరణ బోధకుడి ఉద్యోగం. వైద్యాధికారికి కింద, ఆరోగ్య సహాయకులకు పైన ఉండే హోదా. మందులివ్వడం, సూదులు వేయడం మా పని కాదు. ఊరూరా తిరిగి, పెళ్లయిన మగవాళ్లను ఒకచోట కూర్చోబెట్టి, కుటుంబ నియంత్రణ పద్ధతులు వివరించి, ఒప్పుకున్నవాళ్లకు రబ్బరు తొడుగులు ఉచితంగా పంచాలి. జనం నన్ను ‘కంట్రోలు సారు’ అనేవారు. ఆ పేరులోని వెటకారం నాకు తెలియక కాదు. పట్టించుకొనేవాణ్ణి కాదు.

పంపిణీకి ఒక పద్ధతి ఉండేది. తొడుగు మగవాడి చేతికే ఇవ్వాలి. ఇచ్చే ముందు వాడే విధానమంతా చెప్పాలి. రిజిస్టరులో పేరు రాసి వేలిముద్ర తీసుకోవాలి. వాడకుండా మిగిలినవి తిరిగి తెచ్చివ్వమని హెచ్చరించాలి. అన్నిటికన్నా ముఖ్యమైన నిబంధన, ముందు వచ్చిన సరుకు ముందు పోవాలి. పాత పెట్టె ఖాళీ కాకుండా కొత్త పెట్టె ముట్టరాదు. ఈ నిబంధనలను నేను సంధ్యావందనం చేసినంత నిష్ఠగా పాటించేవాణ్ణి.

ఆరోగ్య కేంద్రంలో ఉన్నవి రెండు గదులు. సరుకు పెట్టుకోవడానికి జాగా లేదు. వైద్యాధికారి అనుమతితో పెట్టెలను నా కిరాయి ఇంట్లోనే ఉంచాను. పెరట్లో రేకుల కప్పు వేసిన చిన్న కొట్టు ఒకటి ఉండేది. ఆ ఎర్రనేలలో చెదలు ఎక్కువ. కింద పెట్టిన అట్టపెట్టె పది రోజుల్లో మన్నయిపోతుంది. అందుకని వడ్రంగితో ఒక బీరువా లాంటిది చేయించి, పాత పెట్టెను చేతికి ముందు అందేట్టు పై అరలో, అంటే సరిగ్గా రేకులకు ఆనుకొని, కొత్త పెట్టెను అడుగు అరలో పెట్టాను. తనిఖీకి వచ్చిన జిల్లా అధికారి ఆ అమరికను మెచ్చుకున్నాడు. నేను సంతోషించాను.

నా కుటుంబం పిల్లల చదువుల కోసం మహబూబ్‌నగర్‌లోనే ఉండిపోయింది. ఇల్లు ఊడ్చి, వాకిలి అలికి, బట్టలుతకడానికి ఈదమ్మ అనే ఆమెను పెట్టుకున్నాను. ఇరవై అయిదు, ఇరవై ఆరేళ్లుంటాయి. సన్నగా, పాలిపోయి ఉండేది. నాలుగు బకెట్లు తోడితే ఒకసారి కూర్చొనేది. ఆమెను వంటగదిలోకి రానిచ్చేవాణ్ణి కాదు. ఆనాటి మా ఇంటి కట్టుబాటు అది. దానికి ఇప్పుడు సంజాయిషీ చెప్పను. పెరడు, వసారా, రేకుల కొట్టు, ఇవి ఆమె ఊడ్చే తావులు. నాకు ఒక అలవాటుండేది. క్యాంపుకు పోయే ముందు ఆనాటి ఉపన్యాసాన్ని వసారాలో నిలబడి పైకి వల్లించుకొనేవాణ్ణి. ఈదమ్మ పక్కనే ఊడుస్తూ ఉండేది. ఆమె వింటున్నదని నాకు ఏనాడూ తోచలేదు.

ఏప్రిల్‌లో ఒక రోజు జీపు చెడిపోయి క్యాంపు రద్దయింది. పట్టపగలు పన్నెండింటికి ఇంటికి తిరిగి వచ్చాను. పెరటి దండెం మీద నా బట్టలు లేవు. ఎనిమిది తొడుగులు నీళ్లు నింపి, మూతులు దారంతో బిగించి, పొట్లకాయల్లా వేలాడుతున్నాయి. చింపిన పొట్లాలు రెండు కుప్పలుగా రాయి కింద పెట్టి ఉన్నాయి. ఈదమ్మ నీళ్ల గోలెం పక్కన కూర్చొని వాటినే చూస్తున్నది. నన్ను చూసి దడుచుకోలేదు.

“మంచిగొచ్చిండ్రు సారూ. మీకు చూపెట్టాల్ననే కట్టిన. గీ నాలుగు పై పెట్టెలయి. మూడు కారుతున్నయ్ సూడుండ్రి. గీ నాలుగు కింది పెట్టెలయి. ఒక్క సుక్క రాలే.”

మూడింటి కింద నేల తడిసి ఉన్న మాట నిజం. నేను అది చూశాను. చూసి, ఎవరిని అడిగి పెట్టె తెరిచావని గద్దించాను.

“అడిగితె ఇస్తరా సారూ?” అన్నది.

ప్రభుత్వ సరుకుతో ఆటలేమిటని, వీటి సంగతి ఆడదానికి ఎందుకని కోపగించాను. దానికి ఆమె నవ్వింది. “పొద్దుగాల లేస్తె గోడకు పాఠం జెప్తరు గద సారూ. గోడకు రాలే గని నాకొచ్చింది. వినుండ్రి. నూనె అంటనియ్యొద్దు, అంటితె రబ్బరు పిగులుతది. గోరు తాకనియ్యొద్దు. మొదలుకెల్లే తొడుగాలె, నడుమల గాదు. కొన కాడ జర జాగా ఇడ్వాలె, గాలి లేకుంట ఒత్తి పట్టాలె. అయిపోయినంక అంచు వట్టుకొని పక్కకు రావాలె. ఒక్కటి ఒక్కపారికే. కడిగి మల్ల వాడొద్దు. తప్పిందా సారూ?”

ఒక్క అంశమూ తప్పలేదు. నా కింద పనిచేసే ఆరోగ్య సహాయకులిద్దరిలో ఎవరూ అంత వరుసగా చెప్పలేరు.

“చల్లటి జాగాల వెట్టుకోవాలె అని గూడ మీరే జెప్తరు. మరి మీరేంది, రేకులకు ఆనిచ్చి పెట్టిండ్రు? ఎండల గా కొట్టుల ఎన్నడన్న నిలవడ్డరా? ఊడ్వనీకి పోతె నా నెత్తి మాడుతది.”

ఆ తర్వాత గొంతు తగ్గించి తన సంగతి చెప్పింది. ముగ్గురు పిల్లలు. మూడో కాన్పులో రక్తం పోయి చచ్చి బతికింది. ప్రతి గురువారం నల్లగొండ నుంచి వచ్చే లేడీ డాక్టరు పరీక్ష చేసి, ఇంకో కాన్పు అయితే ప్రాణానికి పూచీ లేదన్నది. ఒంట్లో రక్తం లేనందున ఆపరేషన్ ఇప్పుడే చేయననీ, రక్తస్రావం ఉన్నందున గర్భసంచిలో లూప్ వేయననీ, మందులు వాడి ఏడాదికి రమ్మనీ చెప్పింది. ఆ ఏడాది గర్భం రాకూడదు. భర్త జంగయ్య ప్రాజెక్టు ఆనకట్ట కట్టేచోట రాళ్లు మోసే కూలి. తాను ఆపరేషన్ చేయించుకుంటే బరువెత్తలేనని అతని భయం. నెలకోసారి ఇంటికి వస్తాడు.

“వచ్చే మంగళారం వస్తుండు సారూ. కింది పెట్టెలయి ఒక నాలుగియ్యిండ్రి. మీ కాళ్లు మొక్కుత.”

నేను ఇవ్వలేదు. నిబంధన ఒప్పదన్నాను. నీ మొగుణ్ణి పంపు, వేలిముద్ర వేసి తీసుకుంటాడు అన్నాను. కారడం గురించి, నీ గోళ్లు తగిలి చిరిగాయి అన్నాను. ఆమె తన చేతులు ముందుకు చాపి చూపింది. బట్టలుతికి, వాకిళ్లు అలికి గోళ్లు మొదళ్లదాకా అరిగిపోయి ఉన్నాయి. అప్పుడు నా మనసులో ఉన్నది సరుకు కాదు, నియమం కూడా కాదు. కుటుంబం దగ్గర లేని మగవాడి పెరట్లో పనిమనిషి ఈ వస్తువులతో ఉండటం పక్కింటివాళ్లు గోడ మీదుగా చూస్తే నా పరువేం కావాలన్నదే. ఆమె చేత దండెం ఖాళీ చేయించి, రేపటి నుంచి పనికి రావద్దన్నాను. ఈదమ్మ చీపురు గోడకు ఆనించింది. “నన్ను తీసేస్తె తీసేయుండ్రి గని, పెట్టె కిందికి దించుండ్రి సారూ,” అని వెళ్లిపోయింది. పెట్టె దించలేదు. పనిమనిషి చెబితే సామాను సర్దుకొనేవాణ్ణి కాను.

మంగళవారం జంగయ్య వచ్చాడు. తువ్వాలతో సగం ముఖం కప్పుకొని గడప అవతలే నిలబడ్డాడు. “మా ఇంటిది తోలింది సారూ,” అన్నాడు. భార్య మాట విని ఒక కూలి మనిషి తొడుగుల కోసం రావడం ఆ జిల్లాలో నేను చూసిన మొదటి సందర్భం. పద్ధతి గెలిచిందని సంబరపడ్డాను. ఉపన్యాసం పూర్తిగా చెప్పాను. తలవంచుకొని విన్నాడు. వేలిముద్ర వేశాడు. పై అరలోని పెట్టె నుంచి ఆరు తీసి కాగితంలో చుట్టి ఇవ్వబోతే, చేయి చాపకుండా కొంచెంసేపు నసిగాడు.

“కింది పెట్టెలయి అడుగుమన్నది సారూ. ఖాయంగ చెప్పుమన్నది.”

ఏ పెట్టెలోవి ఇవ్వాలో నీ భార్య నాకు నేర్పనక్కరలేదు, ఇవే తీసుకో, మిగిలినవి తెచ్చివ్వు అన్నాను. తీసుకొని వెళ్లాడు.

శ్రావణ మాసంలో ఒక గురువారం లేడీ డాక్టరు గది ముందు వసారాలో ఈదమ్మ కనబడింది. పాదాలు వాచి ఉన్నాయి. కడుపు తెలుస్తున్నది. నేను చూడనట్టు పోబోతే ఆమే పిలిచింది.

“ఏ పెట్టెలయి ఇచ్చిండ్రు సారూ?”

నిబంధన ప్రకారం ఇచ్చానన్నాను.

“గట్లయితె పై పెట్టెలయే,” అని తనకు తానే చెప్పుకున్నది. కేకలు వేయలేదు. “మా ఆయన అన్ని మీరు చెప్పినట్టే జేసిండు. నేను పక్కనుండి ఒక్కొక్కటి చెప్పిన,” అన్నది. అంతలో లోపలి నుంచి పిలుపు వచ్చింది.

ఇంటికి పోయి పై పెట్టె దించాను. పది పొట్లాలు చింపి, ఆమె చేసినట్టే నీళ్లు నింపి దండేనికి కట్టాను. సగానికి పైగా కారాయి. కొన్ని విప్పుతుండగానే బీటలువారాయి. ఎండకు రబ్బరు పెళుసెక్కుతుందన్న విషయం నేను ఊరూరా చెప్పే పాఠంలోనే ఉంది.

తర్వాత నేను చేసిన పని ఇది. మిగిలిన పెట్టెను, వాడకానికి పనికిరాదన్న చీటీతో జిల్లా కార్యాలయానికి తిప్పి పంపాను. ఎవరూ ఏమీ అడగలేదు. అప్పటికే ఆ పెట్టె నుంచి తీసుకున్నవాళ్ల పేర్లు, ఊళ్లు, వేలిముద్రలు నా రిజిస్టరులో వరుసగా ఉన్నాయి. ఒక్కొక్కరి ఇంటికి పోయి చెప్పడం నాలుగు వారాల పని. పోలేదు. పోతే ఎందుకు వచ్చానో చెప్పవలసి వచ్చేది. తొడుగు వాడినా గర్భం వచ్చిన దంపతుల వివరాలకు నెలాఖరు నివేదికలో ఒక గడి ఉండేది. అందులో జంగయ్య పేరు రాసి, కారణం అన్నచోట ‘వాడినవారి అజాగ్రత్త’ అని రాశాను. చేతిరాత ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చింది.

జనవరిలో ఈదమ్మకు నొప్పులు వచ్చాయి. బస్సులో నల్లగొండ పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. బిడ్డ బతికింది. తల్లి రక్తం ఆగక ఆనాడే పోయింది. ఆ గురువారం లేడీ డాక్టరు ఆ మాట చెప్పి, “నేను ఒక్క ఏడాది అడిగాను, అది కూడా ఇవ్వలేదు,” అన్నది. ఎవరిని ఉద్దేశించి అన్నదో నేను అడగలేదు.

పది పన్నెండు రోజులకు జంగయ్య మళ్లీ ప్రాజెక్టుకు పోతూ ఆరోగ్య కేంద్రానికి వచ్చాడు. ఈసారి ముఖం కప్పుకోలేదు. బల్ల మీద ఒక కాగితం పొట్లం పెట్టాడు. అది నేను చుట్టిచ్చిన కాగితమే.

“మిగిలినయి తెచ్చియ్యమంటిరి గద సారూ. రెండున్నయ్. బుక్కుల రాసుకోండ్రి.”

రిజిస్టరు తెరిచి, అతని పేరు వెతికి, ‘తిరిగి వచ్చినవి: 2’ అని రాశాను. అది తప్ప మరొకటి చేయడం నాకు తెలియలేదు. రాయడం పూర్తయ్యేదాకా అతను నిలబడి చూశాడు. తర్వాత బస్సు వచ్చిందని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత పనిచేసిన ప్రతిచోటా వచ్చిన ప్రతి పెట్టె నుంచి కొన్ని తీసి నీళ్లు నింపి చూశాకే పంచాను. రేకుల కింద ఎన్నడూ పెట్టలేదు. కొత్తగా చేరినవాళ్లకు ఈ పరీక్ష నేర్పాను. మంచి పద్ధతి అని నాకు పేరు కూడా వచ్చింది. ఎవరి దగ్గర నేర్చుకున్నారని ఒక్కరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఈ ఉదంతం వల్ల నాకు తెలిసింది ఇంతే: సరుకు ఏ వరుసలో ఇవ్వాలో నిబంధన చెప్పింది, ఇచ్చే సరుకు పనికివస్తుందో లేదో చూడమని చెప్పలేదు. ఆ చూడవలసిన పని ఇచ్చే మనిషిది. చూసి చెప్పినవాళ్లు జీతానికి ఇల్లు ఊడ్చేవాళ్లయినా, ఆ మాట మీద పెట్టె దించవలసిన పని కూడా అతనిదే.

నెలలు, హోదాలు, నిబంధనల వరుస జ్ఞాపకం మీద రాశాను. ఆ రోజుల్లో ఆ శాఖలో పనిచేసినవాళ్లు గానీ, ఈదమ్మ పిల్లలు గానీ దీన్ని చదివితే, తప్పు కనబడినచోట మొగమాటం లేకుండా దిద్దవలసిందిగా కోరుతున్నాను. ఒకసారి నన్ను దిద్దిన మనిషిని పనిలోంచి తీసేశాను. ఈసారి దిద్దినవాళ్ల పేరు కూడా పక్కన రాస్తాను.