దిగబోయి లేచిన విమానం

తొంభైల్లో మా అమ్మాయి పైలట్ అయినప్పుడు నాకు పట్టపగ్గాల్లేవు. ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెప్పేదాన్ని. రీలు రీలుకీ మధ్య, అడిగినా అడక్కపోయినా, "మా పిల్ల విమానం నడుపుతుందండీ" అనేదాన్ని. "కో-పైలటే కదా" అన్నవాళ్లతో మళ్లీ మాట్లాడితే ఒట్టు.

ఓసారి మద్రాసు నుంచి దాని విమానంలోనే వచ్చాను. బేగంపేట దగ్గర ఇళ్ల డాబాలు కనబడుతుండగా ఇంజన్లు హోరుమని, విమానం మళ్లీ పైకి లేచింది. నా పైప్రాణాలు పైనే పోయాయి! ఓ చుట్టు తిరిగొచ్చి ఈసారి చక్కగా దిగింది.

ఇంటికొచ్చాక పిల్ల అన్నం ముట్టలేదు.

"కెప్టెన్ మీద అరిచానమ్మా. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో."

ఏం జరిగిందే అంటే చెప్పింది. పాత విమానాల్లో యంత్రం తనంతట తనే వేగం సరిచేస్తుంటే ఇంజన్ మీటలు కూడా కదిలేవట, చేతికి తెలిసేదట. ఈ కొత్తవాటిలో మీట కదలదు. యంత్రం ఏం చేస్తోందో తెర మీద చిన్న అక్షరాల్లో పడుతుంది, చదువుకోవాలి. వేగం సంగతి యంత్రం చూసుకుంటోందని కెప్టెన్ నమ్మకం. అదేమో కిందికి దిగడమే పనిగా పెట్టుకుని ఇంజన్లు పూర్తిగా తగ్గించి కూర్చుంది. ఆయన చూపు రన్‌వే మీద, చెయ్యి కదలని మీట మీద. వేగం పడిపోతోంది, ఇంకా తగ్గితే విమానం గాల్లో నిలవదట. "స్పీడ్ సార్" అని మా పిల్ల రెండుసార్లు మెల్లగా అంటే, "అదే చూసుకుంటది తియ్యమ్మా" అన్నాడట. అప్పుడిక, "చూసుకోవట్లేదు సార్! లేపండి!" అని అరిచింది. ఆయన లేపాడు. దిగాక నేరుగా ఆఫీసు వైపు వెళ్లిపోయాడట.

"మంచి పని చేశావు. వెనకాల నేనున్నాను కదే!" అన్నాను గానీ, నాకూ లోపల దడే. పెద్దవాళ్ల మీద నోరు చేసుకున్న ఆడపిల్లకి మా సినిమావాళ్లు మళ్లీ కబురు పెట్టరు. ఈ విమానాలవాళ్ల లోకం తీరేమిటో నాకేం తెలుసు?

మర్నాడు పొద్దున్నే ఆ కెప్టెన్ మా ఇంటికొచ్చాడు. తల నెరిసిన మనిషి, పాత హైదరాబాదాయన. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తప్పు నాదేనని ఆఫీసుల చెప్పొచ్చిన. ఫికర్ జెయ్యకు. గానీ ఒక్కటి చెప్పమ్మా, మూడోసారి దాకా ఎందుకు ఆగినవ్? మొదలే ఎందుకు అరవలే?"

పిల్ల తల దించుకోలేదు. "ఇంకోసారి ఆగను సార్" అంది.

కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడిపోయాను. దీన్ని కన్నది నేను!