కార్బురేటర్ గిన్నెలో నీళ్ళు

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక్క మాటలో ఉంది. ట్రాక్టర్ చెడిపోవడానికి కారణం దాని డ్రైవరు చుట్టిన తడి గోనెపట్ట అని ఫోర్మన్‌తో చెప్పాను. చెప్పేముందు ఆ గోనెపట్ట ఎక్కడ చుట్టి ఉందో వంగి చూడను కూడా లేదు.

రెండు వేల నాలుగు వేసవి. అబూధాబీ ఊరి బయట, మఫ్రఖ్ దగ్గర మా కంపెనీకి నర్సరీ ఉండేది. రోడ్ల పక్కన నాటడానికి వేప మొక్కలూ ఖర్జూరం పిలకలూ అక్కడ పెంచేవాళ్ళు. నేను వర్క్‌షాప్ మెకానిక్‌ని. నీళ్ళ పంపులు, గడ్డి కోసే మిషన్లు, రెండు పికప్పులు, ఒక పాత గార్డెన్ ట్రాక్టర్, వీటి మంచి చెడ్డా నాదే. ట్రాక్టర్ అంటే మన పొలాల్లో తిరిగేది కాదు. నడుమెత్తు ఉంటుంది, పెట్రోలుతో నడుస్తుంది. గడ్డి కోయడానికి ఎప్పుడో కొన్నారట. నేను చేరేనాటికే కింద బ్లేళ్ళు తీసేసి, వెనక చిన్న ట్రాలీ తగిలించి మొక్కలూ ఎరువు బస్తాలూ మోయిస్తున్నారు.

దాన్ని నడిపేది రాయచోటి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన. యాభై దాటి ఉంటాయి. నాది నిజామాబాద్ దగ్గర పల్లె. ఆయన్ని చాచా అనేవాణ్ణి. క్యాంపులో మాది ఒకే గది, ఒకే పొయ్యి. కొన్నేళ్ళ కింద ఖర్జూరం చెట్టు మీంచి జారి పడ్డప్పటి నుంచి ఆయన ఎడమ మోకాలు పూర్తిగా మడత పడదు. గదిలో ఉన్న మా నలుగురికి తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు. తెలిస్తే వీసా పొడిగించకుండా ఇంటికి పంపేస్తారు. ఇంకో రెండేళ్ళు గడిస్తే చిన్నకొడుకు చదువు ఒక ఒడ్డుకు చేరుతుందని ఆయన లెక్క. ట్రాక్టర్ సీటు మీద కూర్చున్న మనిషి మోకాలు ఎవరికీ కనబడదు. ఆ సీటు ఉన్నంతకాలమే ఆయన అక్కడ ఉండగలడు.

ఆ ట్రాక్టర్‌కి వేసవిలో ఒక జబ్బు ఉండేది. పది గంటలయ్యేసరికి ఎండకీ ఇంజను వేడికీ పెట్రోలు పైపులోనే ఆవిరై, కార్బురేటర్‌కి అందక, బండి దగ్గి ఆగిపోయేది. అరగంట చల్లారితే మళ్ళీ నడిచేది. చాచా దానికి మందు కనిపెట్టాడు. అక్కడ ఎండలో పనిచేసే ప్రతివాడూ తాగే నీళ్ళ సీసాకి తడిగుడ్డ చుట్టుకుంటాడు. ఆయన పెట్రోలు పైపుకి తడి గోనెపట్ట చుట్టాడు. రెండు వేసవులు బండి ఆగలేదు. నాకు మాత్రం ఆ గోనెపట్ట చూస్తే చిరాకు. నేను బాగుచేయలేని జబ్బుని ఆయన పాత సంచి ముక్కతో నయం చేశాడన్న చిరాకు అది. ఇప్పుడు ఒప్పుకోవడం సులభం.

ఆ వేసవిలో బండి పొద్దున్నే, చల్లటి వేళలోనే ఆగడం మొదలుపెట్టింది. మూడో రోజు ఫోర్మన్ స్వయంగా వర్క్‌షాప్‌కి వచ్చాడు. పెషావర్ వైపు మనిషి, గొంతు పెద్దది. రెండు పంపులు విప్పి నా ముందు పడి ఉన్నాయి. ట్రాలీలో మొక్కలు ఎండలో ఉన్నాయి. నేను కార్బురేటర్ కింది బోల్టు విప్పి, పెట్రోలు నిలిచే చిన్న గిన్నెని చేతిలోకి తీసుకున్నాను. అడుగున నీళ్ళు పూసల్లా దొర్లుతున్నాయి. పెట్రోలు పైన, నీళ్ళు కింద. ఆ నీళ్ళే జెట్ అనే సన్నటి రంధ్రంలోకి వెళ్ళి ఇంజన్‌ని ఆపుతున్నాయి. అంతవరకు నా పని సరిగానే ఉంది.

"క్యా హువా ఉస్తాద్? మొక్కలు చచ్చినాక చెప్తావా?" అన్నాడు ఫోర్మన్ హిందీలో.

"పెట్రోల్ మే పానీ హై," అని గిన్నె చూపించాను.

"పానీ కహా సే ఆయా?"

నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలియదని చెప్పి ఉండాల్సింది. ఉస్తాద్ అని పిలిపించుకున్నవాడికి ఆ మాట నోట రాదు. బండి పక్కన నీళ్ళు కారుతూ గోనెపట్ట కనబడింది. దానివైపు వేలు చూపించాను.

చాచా సీటు దిగలేదు. "అట్ల కాదప్పా. గోనెపట్ట యాడుండాది, ట్యాంకు మూత యాడుండాది? ఒకసారి వంగి చూడు," అన్నాడు నాతో తెలుగులో.

"నువ్వు జర ఊకో చాచా. మెకానిక్‌వి నువ్వా, నేనా?"

"నువ్వేలే నాయనా. అందుకే చూడమంటాండా."

నేను చూడలేదు. గోనెపట్ట పైపుకి ఉంది, జానెడు కింద. మూత పైన, బిగించి ఉంది. నీళ్ళు పైకి ఎక్కవు. ఫోర్మన్‌కి తెలుగు రాదు కాబట్టి ఆయన మాట అక్కడే ఆగిపోయింది. నా మాట నిలిచింది.

"ఖలాస్," అన్నాడు ఫోర్మన్. "రేపట్నుంచి చాచా పాదుల గ్యాంగ్‌లో. ట్రాక్టర్‌కి వేరేవాణ్ణి చూస్తా."

పాదుల గ్యాంగ్ అంటే మొక్క చుట్టూ నీళ్ళు నిలిచేలా మట్టి తీసి గట్టు కట్టే గుంపు. పొద్దంతా గొంతుకూర్చుని చేసే పని. చాచా ఎడమ కాలు ముందుకి చాచి, కుడి పిరుదు మీద కూర్చుని, ఒక్కో మొక్కకీ దేకుతూ వెళ్ళేవాడు. అడిగితే నడుం పట్టేసిందని చెప్పేవాడు. పెట్రోల్లో నీళ్ళు పోశాడని గుంపులో వాళ్ళు ఆయనకి పానీవాలా అని పేరు పెట్టారు. "పానీవాలా చాచా, దావత్‌కొచ్చినట్టు కాళ్ళు చాపినవేంది, బిర్యానీ తెమ్మంటవా?" అని కరీంనగర్ వైపు వాడొకడు అంటుంటే నేను వర్క్‌షాప్ గుమ్మంలోంచి విన్నాను. "తెప్పియ్యి, నీ లెగ్ పీస్ కూడా నేనే తింటా," అన్నాడు చాచా. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

రెండు రోజులకి ట్రాక్టర్ మళ్ళీ ఆగింది. డ్రైవర్ కొత్తవాడు. గోనెపట్ట లేదు. గిన్నె విప్పితే మళ్ళీ అవే నీటి పూసలు. ఈసారి వేలు చూపించడానికి ఎవరూ లేరు. ట్యాంకులో పెట్రోలు పోసే క్యాన్ దగ్గరికి వెళ్ళాను. బంకు నుంచి పెట్రోలు తెచ్చి అందులో నింపేదీ, దాన్ని భద్రం చేసేదీ నేనే. నిప్పు భయానికి స్టోర్ వెనక గోడ నీడలో బయట పెట్టేవాణ్ణి. దాని మూత ఎక్కడో పోయి నెలపైనే అయింది. కొత్తది తెద్దాం తెద్దామంటూ గుడ్డ కుక్కి వదిలేశాను. ఆ గోడకి పైన కిటికీ ఏసీ ఉంది. వేసవి ముదిరి గాలిలో తేమ పెరిగాక అది పగలూ రాత్రీ కారుతోంది. చుక్కలు సరిగ్గా నా గుడ్డ మీద పడుతున్నాయి. గుడ్డ నానిపోయి ఉంది. క్యాన్‌లోంచి కాస్త గాజు సీసాలోకి వంచి నిలబెట్టి చూశాను. నిమిషంలో అడుగున రెండు వేళ్ళ మందం నీళ్ళు తేరాయి.

ఆ సీసా పట్టుకుని నేరుగా ఫోర్మన్ దగ్గరికి వెళ్ళి ఉంటే ఇది రాసే పని ఉండేది కాదు. నేను ఆ పెట్రోలు పారబోశాను. ట్యాంకు కడిగాను, కార్బురేటర్ కడిగాను, కొత్త క్యాన్ తెచ్చి ఏసీకి దూరంగా పెట్టాను. పాతదాన్ని గోడ వెనకే వదిలేశాను. ఎవరికీ చెప్పలేదు. పది గంటల జబ్బు మళ్ళీ వస్తుందని తెలుసు కాబట్టి పెట్రోలు పైపుకి వంటింట్లో వాడే అల్యూమినియం రేకు చుట్టాను. చాచా ఉపాయమే, మెరిసేలా చేశానంతే. బండి చక్కగా నడిచింది. "గోనెపట్ట తీసేయగానే బాగైంది, చూశావా," అని ఫోర్మన్ నలుగురిలో నా వీపు తట్టాడు. చాచా అప్పుడు పది గజాల దూరంలో మట్టి తీస్తున్నాడు.

ఎనిమిది రోజులు అలా గడిచాయి. రోజూ సాయంత్రం ఇద్దరం ఒకే పప్పు తినేవాళ్ళం. గదిలో ఆయన వంటే బాగుంటుంది. అందుకని వంట ఎక్కువగా ఆయనే చేసేవాడు. పని నుంచి వచ్చి, స్టూలు మీద కాలు పెట్టుకుని ఉల్లిపాయలు తరిగేవాడు. మోకాలు కుండలా వాచింది. ట్రాక్టర్ మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఎనిమిదో రోజు గురువారం. ఫోర్మన్ ఏదో పంపు గురించి వచ్చి, పోతూ పోతూ అన్నాడు. ఆ ముసలాయన గొంతుకూర్చోలేకపోతున్నాడు, శనివారం కంపెనీ డాక్టర్‌కి చూపిస్తాను, అన్‌ఫిట్ అంటే ఇంటికి టికెట్ కొట్టించడమే. ఆ మాటలో కోపం ఏమీ లేదు. పాత టైరు మార్చాలన్నట్టు అన్నాడు.

శుక్రవారం నమాజు నుంచి చాచా వచ్చేదాకా గదిలో కాచుకుని ఉన్నాను. మిగతా ఇద్దరూ బట్టలు ఉతకడానికి వెళ్ళారు. ఆయన మంచం మీద కూర్చుని మోకాలికి ఆవనూనె రాసుకుంటున్నాడు. డాక్టర్ సంగతి చెప్పాను. అప్పటికీ నేను సులువైన దారే వెతికాను.

"నేను ఫోర్మన్‌తోని మాట్లాడ్త చాచా. పెద్దమనిషి, కాలు నొస్తుంది, సీటు మీద కూసోవెట్టు అని బతిమిలాడ్త."

ఆయన చెయ్యి ఆగింది. "నా కాలు మాట నువ్వు ఎత్తితివంటే, నన్ను ఇమానం నువ్వే ఎక్కించినట్ల. ఆ పని మాత్రం చెయ్యొద్దు."

అప్పుడు ఇక నాకు మిగిలింది ఒక్కటే. క్యాన్, గుడ్డ, ఏసీ, సీసాలో తేరిన నీళ్ళు, అన్నీ చెప్పాను. రేకు సంగతి కూడా చెప్పాను. ఆయన వింటూ నూనె సీసాకి మూత పెట్టాడు.

"నీకు తెలిసి ఎన్ని దినాలాయ?"

"తొమ్మిది."

"తొమ్మిది దినాలు నా చేతి కూడు తింటివి."

క్షమించమన్నాను. ఆయన నూనె సీసాని మంచం కిందికి నెట్టాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"నాకు చెప్తే ఏమొస్తాదప్పా," అన్నాడు చివరికి. "నాకు ముందే తెలుసు కదా, గోనెపట్ట కాదని. పో, వానికి చెప్పు."

శనివారం తెల్లవారగానే, గ్యాంగ్ పనిముట్లు తీసుకునే చోటికి వెళ్ళాను. ఫోర్మన్‌ని పక్కకి పిలవాలని మొదట అనుకున్నాను. అయితే చాచాకి పేరు పెట్టింది గుంపంతా. అందుకని అక్కడే, అందరి ముందే, వచ్చీరాని హిందీలో చెప్పాను. నీళ్ళు చాచా వల్ల పడలేదు, నా వల్ల పడ్డాయి. రండి చూపిస్తాను. ఫోర్మన్ని గోడ వెనక్కి తీసుకెళ్ళాను, గుంపూ వెంట వచ్చింది. పాత క్యాన్ అక్కడే ఉంది, ఏసీ దాని మీద కారుతూనే ఉంది. పది రోజుల కిందే తెలిసిందని కూడా చెప్పాను. అది చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది.

ఫోర్మన్ అరుస్తాడనుకున్నాను. గొంతు తగ్గించాడు. "నీ మాట మీద మనిషిని దించాను, ఉస్తాద్. నాకు ఇంజను తెలియదు. నీ మాటే నాకు తెలుసు."

"సీటు ఆయనకి తిరిగి ఇవ్వండి సాబ్."

"ఇస్తే పాదుల్లో ఒకడు తక్కువ. ట్రాక్టర్ మీదున్న వాణ్ణి నీళ్ళ ట్యాంకర్ మీదికి పంపుతానని మాటిచ్చాను. ఈ పిలకలన్నిటికీ పాదులు ఈ నెలలోపు అయిపోవాలి. మనిషి ఎక్కడినుంచి వస్తాడు?"

"నేనున్నాను," అన్నాను. "పొద్దున ఐదు నుంచి తొమ్మిది దాకా పాదులు. తర్వాత వర్క్‌షాప్. మీకు కొత్త మనిషి వచ్చేదాకా."

కరీంనగర్ అతను పకాలున నవ్వాడు. "ఉస్తాద్ పార పట్టుడు? జర స్పానర్‌తోని తవ్వుకో అన్నా." ఫోర్మన్ నవ్వలేదు. జేబులోంచి చాచా పేర రాసిన క్లినిక్ కాగితం తీసి చూసుకున్నాడు. దూరంగా నిలబడ్డ చాచానీ, ఆయన ఒరిగి నిలబడ్డ తీరునీ చూశాడు. కాగితం మడిచి మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. ఆయనకి ఎంత అర్థమైందో నాకు ఇప్పటికీ తెలియదు. "యల్లా చాచా, గాడీ నికాలో," అని బండి తీయమన్నాడు.

చాచా ట్రాక్టర్ ఎక్కేముందు నేను పెట్రోలు పోయబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు. గాజు సీసా తెమ్మన్నాడు. అందులోకి పోయించి, వెలుతురుకి ఎత్తి, అడుగు చూసి, "ట్యాంకులోకి పొయ్యి," అన్నాడు. ఆ వేసవంతా ప్రతి ఉదయం అలాగే చూపించి పోశాను. నా మీద నమ్మకం లేదని ముఖం మీదే చెప్పినట్టుండేది, కానీ ఆయన చేసింది సరైన పనే.

గదిలో వంట నేను తీసుకున్నాను. మొదటి వారం ఆయన మాట్లాడకుండా తిని లేచేవాడు. మరో వారానికి, "పప్పు మాడినట్టుండాది," అన్నాడు. అంతకన్నా ఎక్కువ నేను అడగలేదు.

కొత్త మనిషి రావడానికి నెలన్నర పట్టింది. అన్ని రోజులూ చీకటి విడకముందే పార తీసుకుని పాదుల్లోకి వెళ్ళాను. మొదటి రోజు ఇరవై మొక్కలకే మోకాళ్ళు పట్టేశాయి. రెండు కాళ్ళూ వంగే మనిషికే అలా ఉంది. చాచా మట్టి తీసిన వరసలో పాదులు కొన్ని సగంలో ఆగి ఉన్నాయి. అవతలి వైపుకి దేకలేక వదిలేసినవి. గ్యాంగ్ కొత్త వరసకి వెళ్ళిపోయినా, రోజూ తొమ్మిదికి ముందు ఒక అరగంట వెనక్కి వచ్చి, వాటిని ఒక్కొక్కటే చుట్టూ తవ్వి గట్టు కట్టాను. వరస చివరి మొక్క దాకా నీళ్ళు పెట్టి చూశాను.