డివిడెండు వస్తే పెద్దమ్మ వచ్చేది

ఆదివారం పొద్దున పాలు పొయ్యి మీద పెట్టానో లేదో ఫోను మోగింది. రేపల్లె నుంచి పెదనాన్న. ఆయన ఫోను చేయడమే వింత. ఫోనులో మాట్లాడితే డబ్బులు కరిగిపోతాయని నమ్మే మనిషి. "అమ్మాయ్, మీ పెద్దమ్మ పోయిందమ్మా. రాత్రి పడుకుంది, తెల్లారి లేవలేదు," అన్నారు. అంతే, పెట్టేశారు. పాలు పొంగి పొయ్యంతా పారుతుంటే చూస్తూ నిలబడ్డాను.

పెద్దమ్మంటే మా అమ్మకి సొంత అక్క. నాకు పెళ్ళయిన కొత్తలోనే అమ్మ పోయింది. ఆ తరవాత పుట్టింటి మనిషని చెప్పుకోవడానికి నాకు మిగిలింది పెద్దమ్మ ఒక్కతే. ఆవిడకీ పిల్లల్లేరు. అయితే ఆవిడ తెనాలిలో మా ఇంటికి రావాలంటే ఓడల కంపెనీ డివిడెండు ఇవ్వాలి. మీకు నవ్వు రావచ్చు గానీ, మా ఇంట్లో సంగతి అదే.

బాపట్లలో మా తాతయ్య ఇద్దరు కూతుళ్ళకీ పసుపు కుంకుమల కింద చెరో ఎకరం ఇవ్వాలనుకున్నాడు. మా అమ్మకి ఇచ్చాడు. పెద్దమ్మ దగ్గరికొచ్చేసరికి ఆ ఎకరం ఖరీదు పెట్టి ఒక ఓడల కంపెనీ షేర్లు కొన్నాడు. "నీ మొగుడికి పొలం తక్కువేం లేదు. ఎకరమిస్తే ఆయన చేలో కలిసిపోద్ది. ఈ కాగితాలైతే నీ పేరు మీదే ఉంటాయే," అన్నాడట. రేపల్లె పక్కన నగరం అనే ఊళ్ళో మాగాణి ఉన్న పెదనాన్నకి ఇది మింగుడు పడలేదు. "నీళ్ళ మీద తిరిగేదాన్ని నమ్మడమేంటి? నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలవుతాయి," అని చాలాకాలం గొణిగారట. గింజలు పుచ్చలేదు. ఏటేటా ఎంతో కొంత వస్తూనే ఉంది.

పెదనాన్న చెడ్డవారు కాదు. కానీ ఆయనకొక పట్టుదల ఉండేది. పని లేకుండా మనిషి ఊరు దాటకూడదు. "పనుంటే వెళ్ళు. ఊరికే చూసి రావడమేంటి? మనుషులేమన్నా సినిమాలా?" అనేవారు. ఇక్కడ నేనేమో పక్షవాతంతో మంచాన పడ్డ అత్తగారిని వదిలి గడప దాటలేని దాన్ని. రైలెక్కితే గంటన్నర. ఆ గంటన్నరే మా ఇద్దరికీ కొరకరాని కొయ్యయి కూర్చుంది.

డివిడెండు డబ్బు రూపంలో రాదు, వారంటని చెక్కులాంటి కాగితం పోస్టులో వస్తుంది. దాన్ని రేపల్లె బ్యాంకులో వేస్తే కలెక్షన్ చార్జీలు పట్టుకుంటారు. కంపెనీ వాళ్ళ బ్యాంకు తెనాలిలో ఉంది, అక్కడైతే ఏమీ ఉండవు. పెద్దమ్మ ఈ ముక్క పెదనాన్న చెవిన వేసింది. చార్జీలనే మాట వింటే ఆయనకి అన్నం సహించదు. "అయితే తెనాలే వెళ్ళిరా," అన్నారు. అలా మొదలైంది.

పొద్దున పాసింజరుకి దిగేది. చేతిసంచిలో అడుగున వారంటు, పైన నిజాంపట్నం ఎండు రొయ్యలు. ఆ సంచితోనే బ్యాంకుకి వెళ్ళేది. కౌంటర్లో కుర్రాడు ముక్కు ఎగబీల్చి, "డివిడెండు ఓడలోనే వచ్చిందాండీ?" అంటే, "నువ్వు ఆ ముద్రేదో తొందరగా వెయ్యి నాయనా, మా అమ్మాయి ఎదురుచూస్తుంటది," అనేది. అక్కడ పని ఐదు నిమిషాలు. మిగతా రోజంతా నాది. నేను వండుతుంటే పక్కనే ఉండి వంకాయ కోసేది, నా కూతురికి జడేసేది, అత్తగారి ఒళ్ళు తుడిచేది, మధ్యలో నన్ను తిట్టేది. "ఎంత చిక్కిపోయావే! మీ ఆయనకి కళ్ళు కనపడవా?" అని మా ఆయన వినేలా అడిగేది. సాయంత్రం రైలు వేళయ్యేసరికి సంచి అందిస్తూ కళ్ళు తుడుచుకునేదాన్ని. "ఎందుకే ఏడుపు? ఓడలు తిరుగుతూనే ఉంటాయిలే," అనేది.

కొన్నేళ్ళు ఓడల వ్యాపారం మహా జోరుగా నడిచింది. ఏడాది చివర ఇచ్చేది కాక మధ్యలో కూడా డివిడెండు ఇచ్చారు. పెద్దమ్మ అసలుదాన్ని వరి అనేది, మధ్యలో వచ్చేదాన్ని, వరి చేలో చల్లే రెండో పంటలా, మినుము అనేది. "ఈ ఏడు మినుము కూడా పండిందే అమ్మాయ్!" అంటూ గుమ్మంలోనే కేక. పేపర్లో షేర్ల పేజీ చదవడం నాకప్పుడే అలవాటైంది. "ఒక్క షేరు లేనిదానివి, నీకెందుకే ఆ పేజీ?" అని మా ఆయన ఏడిపించేవారు. ఆ కంపెనీ ఏ ఏడు ఎంతిచ్చిందో నన్నడిగితే చెప్పలేను. ఏ ఏడు పెద్దమ్మ ఎన్నిసార్లు వచ్చిందో చెప్తాను. రెండూ ఒకటే లెక్క.

ఒకసారి బ్యాంకు కుర్రాడు ఉత్సాహంగా ఒక ఫారం ఇచ్చాడు. "ఇది నింపితే డబ్బు నేరుగా ఖాతాలో పడిపోతుందండీ. ఇంక మీరు రానక్కర్లేదు."

"రానక్కర్లేదంటే ఎట్టా నాయనా?" అంది పెద్దమ్మ. నవ్వుతూనే అంది గానీ మొహం తెల్లబోయిందట. ఆ ఫారం మా ఇంట్లో పప్పుడబ్బా మీద మూతయింది.

తరవాత గాలి తిరిగింది. ఓడల కిరాయిలు పడిపోయాయనీ, ఈ ఏడు డివిడెండు లేదనీ పేపర్లో చదివాను. చదివి పేపరు విసిరికొట్టాను. ఎక్కడో సముద్రం మీద కిరాయిలు పడిపోతే తెనాలిలో నాకెందుకు ఈ శిక్ష? ఆ రోజు కూరలో ఉప్పు కూడా వేయలేదు.

నెల తిరక్కుండా గుమ్మంలో పెద్దమ్మ! చేతిలో అదే సంచి.

"పెదనాన్నకేం చెప్పావు?"

"ఏం చెప్తా? ఓడలవాళ్ళు ఈ ఏడు పైసా ఇవ్వలేదండీ, అడగందే అమ్మైనా పెట్టదు గదా, తెనాలి వెళ్ళి అడిగొస్తా అన్నా."

"నమ్మారా?"

పెద్దమ్మ సంచి కింద పెట్టి పమిటతో మొహం తుడుచుకుంది. "ఏమన్నారో తెలుసా? ఒక్కపూటలో ఏం చెప్తారే వాళ్ళు, రెండ్రోజులుండి గట్టిగా కనుక్కురా అన్నారు."

ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని పకపకా నవ్వాం. ఆయనకి మొదటినుంచీ తెలుసన్నమాట! ఆ రెండ్రోజులూ బ్యాంకు వైపు కన్నెత్తి చూడలేదు. అదే ఆవిడ ఆఖరి రాక.

ఇప్పుడు నాకెవరున్నారు? ఈ మాట పైకి అనడానికి సిగ్గుగా ఉంది, పెద్ద సంసారం చేస్తున్నదాన్ని. కానీ పొద్దున పాసింజరు కూత వినపడితే చాలు, వీధి వైపు చూస్తున్నాను.

పెద్దకర్మ అయ్యాక, మొన్న బుధవారం పెదనాన్న వచ్చారు. ఒక్కరే. జేబులోంచి కవరు తీశారు. "ఓడలవాళ్ళు మళ్ళీ ఇచ్చారమ్మా. ఇక్కడ వేస్తే చార్జీలుండవు గదా."

మనిషి పోయాక ఆవిడ పేరున వచ్చిన వారంటు కౌంటర్లో ఇస్తే తీసుకోరు. దానికి వేరే కాగితాలు కావాలి. ఏళ్ళ తరబడి ధాన్యం అమ్మి బ్యాంకుల చుట్టూ తిరిగిన మనిషికి ఆ మాత్రం తెలియదా?

"బ్యాంకు పదింటికి తీస్తారు పెదనాన్నా," అన్నాను.

"తియ్యనీలేమ్మా." కవరు మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. ఇల్లంతా ఒకసారి చూశారు. "మీ పెద్దమ్మ వస్తే ఎక్కడ కూర్చునేది?"

చూపించాను. వంటింటి గడప లోపల, గోడవార. ఆయన పంచె సర్దుకుని, మోకాళ్ళు పట్టుకుని, మెల్లగా అక్కడే కింద కూర్చున్నారు.