మావయ్య ఏసీకి ఇచ్చిన సెలవు

ఆ రోజుల్లో ల్యాబ్‌లో ఉద్యోగమంటే మా చుట్టాలందరికీ రక్తపరీక్షలే. నర్సీపట్నంలో నేను చేరింది అరటి మొక్కల టిష్యూ కల్చర్ ల్యాబ్‌లో మొర్రో అన్నా వినకుండా, షుగర్ చూడమని వేలు చాపేవారు (ఒక పిన్నయితే పొద్దున్నే ఏకంగా సీసాతో దిగింది). నా పనిని నమ్మినవాడు బలిఘట్టం మావయ్య ఒక్కడే. పోయిన మా అత్త తన చేత్తో పెరట్లో నాటిన అరటికి తెగులు తగిలి, దుబ్బంతా పీకేయాల్సి వచ్చింది. చివరి పిలక మొవ్వులోంచి గోరంత ముక్క తీసి, సీసాల్లో జెల్లీ మీద పెంచి, ఏసీ గదిలో ట్యూబులైట్ల కింద ఉంచాను. అవి బతికితేనే అత్త చెట్టు మళ్లీ ఆ పెరట్లోకి వచ్చేది.

మావయ్య వారం వారం వచ్చి అద్దంలోంచి చూసేవాడు. "ఏటే అమ్మడూ, మీ అత్తకెలాగుంది?" అని గట్టిగా అడిగేవాడు. మా మేడమ్‌గారు పాపం, అత్త ఎక్కడో ఐసీయూలో ఉందనుకుని నన్ను తొందరగా ఇంటికి పంపేసేవారు (నేనూ కాదనలేదు).

ఆయుధపూజ నాడు మావయ్య పసుపూ కుంకుమా బంతిపూల దండా తెచ్చి ఏసీకి పూజ చేశాడు. పూజనాడు ట్రాక్టరుకే పని చెప్పని మనిషి, మేం చూడకుండా ఏసీ కట్టేశాడు. పండగపూట దీపాలార్పకూడదని లైట్లు మాత్రం వదిలేశాడు. మేం తాళం వేసుకుని ఇళ్లకు పోయాం.

మర్నాడు తలుపు తీస్తే, రాత్రంతా వెలిగిన లైట్ల వేడికి గది కొలిమిలా ఉంది. అత్త పిలకలన్నీ ఉడికిన తోటకూరలా వాలిపోయాయి. వెనకే మావయ్య హుషారుగా వచ్చాడు.

"నిన్న దానికి రెస్టిచ్చీసేనే. మీ అత్తకోసం రేత్రీ పగలూ కష్టపడతంది గదా!"

నా మొహం చూసి ఆగిపోయాడు. "ఏటైందే?"

"రాత్రి కరెంటు పోయి లైట్లారిపోయాయి మావయ్యా," అన్నాను. ఇంకేం చెప్పను? ఏ నోటితో చెప్పను?

ఒక సీసా తీసుకుని గుండెకి ఆనించుకుని మెట్టు మీద కూలబడ్డాడు. "నువ్వేడకే. మీ అత్తకి ఆస్పత్రులంటే ముందునించీ ఇష్టం నేదు," అన్నాడు. ఇద్దరం ఏడ్చాం.

మరుసటి ఏడు ఆయుధపూజకి, లోపల తనదంటూ ఒక్క సీసా లేకపోయినా మళ్లీ వచ్చాడు, చేతుల నిండా పసుపుతో.

"వీధి సివర ట్రాన్స్‌ఫార్మర్ కంచెకి దండేసి, బొట్టెట్టి వస్తన్నానే. ఇంకెవులి మొక్కలకీ కరెంటు పోకూడదు."

పగలబడి నవ్వాను. నవ్వుతూనే లోపలికెళ్లి కళ్లు తుడుచుకున్నాను.

ఇప్పుడు మావయ్యా లేడు. ఏటా ఆయుధపూజనాడు ఏసీ స్విచ్‌కి కాపలా కాసి, సాయంత్రం ఆ కంచెకి నేనే దండ వేసి వస్తాను. కరెంటువాళ్లు నాకు పిచ్చనుకుంటారు. అనుకోనీ.