పనికిరాదని కోసేసిన ముక్క

మా హెడ్మాస్టారు పోయారన్న కబురు నాకు ఊరి వాట్సాప్ గ్రూపులో తెలిసింది. అప్పుడు నేను నందిగామలో ఫోటో స్టూడియోలో కూర్చుని, ఎవరిదో పెళ్ళి వీడియోలో జీలకర్ర-బెల్లం ఘట్టం మీద కంప్యూటర్ పూలవాన కురిపిస్తున్నాను. "మన హెడ్మాస్టారు ఈ ఉదయం కాలం చేశారు. జనాజా సాయంత్రం జగ్గయ్యపేటలో" అని ఉంది. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. వాటి మధ్య ఒకతను అడిగాడు: "ఏ హెడ్మాస్టారు? బాత్రూం మాస్టారేనా?" ఇంకొకతను "అవును, ఆయనే" అన్నాడు.

ఆ పేరు పెట్టింది నేనే. ఈ సంగతి పాఠకులకు మొదటే చెప్పేయడం మర్యాద. ఇలాంటివి రాసేవాళ్ళు పోయినవారికి తామెంత దగ్గరో చెప్పుకుంటారు. నేనూ దగ్గరే. బడి వెనక గోడ మీద, సెల్‌ఫోను పట్టుకుని, పదడుగుల దూరంలో.

పెనుగంచిప్రోలు నుంచి జగ్గయ్యపేట వెళ్ళే ఆటోలు ఒక్క నిమిషం ఆగి, ఎవరూ ఎక్కకపోతే విసుక్కుని వెళ్ళిపోయే ఊరు మాది. బడికి ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లు. నేను చదివే రోజుల్లో ఆయన అక్కడ మామూలు మాస్టారు. తర్వాత బదిలీ మీద చందర్లపాడు వైపు వెళ్ళి, చివరికి హెడ్మాస్టరుగా మళ్ళీ మా బడికే వచ్చారు. చాక్‌పీసు ముక్కల్ని పచ్చడి సీసాలో దాచేవారు. గోరు బోర్డుకి తగిలి కీచుమనేదాకా రాసేవారు. మేం చెవులు మూసుకుని "కొత్తది తీయండి సార్" అని అరిస్తే, "పై నుంచి వచ్చేది ఎప్పుడొస్తుందో నాకు తెలీదు నాయనా, చేతిలో ఉన్నదే నాకు తెలుసు" అనేవారు.

నాకు పదమూడో ఎక్కం ఇవాళ్టికీ తడుముకోకుండా వస్తుంది. అందుకు కారణం నా తెలివి కాదు. మా బడికి మరుగుదొడ్డి లేకపోవడం.

ఇంటర్వల్ బెల్లు కొట్టగానే ఆడపిల్లలు బడి వెనక కంపచెట్ల చాటుకి వెళ్ళేవారు. మగపిల్లలం ముందు వైపు, రోడ్డుకి ఎదురుగా, బడికి వీపు పెట్టి వరసగా నిలబడి ఎక్కాలు అరవాలి. మాతో పాటు సారు కూడా వీపు తిప్పి నిలబడేవారు. మా అరుపులు వినిపిస్తున్నంతసేపూ ఇటు ఎవరూ రారని ఆడపిల్లలకి ధైర్యం. పొలానికి వెళ్ళే ఊరివాళ్ళు కూడా ఆ అరుపులు వింటే డొంకదారి మానేసి చుట్టూ తిరిగి వెళ్ళేవారు. పన్నెండో ఎక్కంతో ఆపేస్తే ఒకటో తరగతి పిల్లలకి టైము చాలడం లేదని సారు పదమూడోది కలిపారు. అందరికంటే గట్టిగా అరిచేవాణ్ణి కాబట్టి లీడర్ని నేనే. ఒకసారి తనిఖీకి వచ్చిన ఆఫీసరు మురిసిపోయి, "ఇంటర్వల్లో కూడా ఎక్కాలా! భేష్ మాస్టారూ" అన్నాడు.

"బాత్రూం కట్టించండి సార్, మానేస్తాం" అన్నారు మా సారు.

కట్టించడానికి చాలా ఏళ్ళు పట్టింది. నేను ఇంజనీరింగు పూర్తిచేసి, ఉద్యోగం తప్ప అన్నీ సంపాదించి ఊరికి తిరిగొచ్చేసరికి బడి మెరిసిపోతోంది. కొత్త పథకంలో రంగులు, టైల్సు, కుళాయిలు, ఆడపిల్లలకి వేరే బాత్రూం. కాంట్రాక్టరు తలుపు గడియ తన ఎత్తులో పెట్టించి వెళ్ళిపోతే, పిల్లల చెయ్యి అందే ఎత్తులో సారు ఇంకో గడియ బిగించారు. పథకంతో పాటు ఫోన్లోకి ఒక యాప్ కూడా వచ్చింది. రోజూ పొద్దున్నే బాత్రూం ఫోటోలు అందులో పెట్టాలి. మరక కనిపిస్తే పై నుంచి ఫోను. యాప్ ఠంచనుగా పనిచేసేది. శుభ్రం చేసే ఆయమ్మకి జీతం మాత్రం నెలల తరబడి రాలేదు. ఆవిడ మానేసి మిరపకాయల కోతకి వెళ్ళిపోయింది. ఆవిణ్ణి ఏమనగలం? చేలో సాయంత్రానికి కూలి చేతిలో పడుతుంది.

ఒకరోజు పొద్దున బడి వెనక గోడ మీద కూర్చుని అంతా వీడియో తీశాను. అంతా అంటే, మొదట సారు చీపురు, బకెట్టు, ఫినాయిలు తెచ్చుకుని బాత్రూములు కడగడం. తర్వాత ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు బయట విడిచి, గుళ్ళోకి వెళ్ళినట్టు లోపలికి వెళ్ళి, ఒంటి మోకాలి మీద కూర్చుని, ఫోను అటు తిప్పి ఇటు తిప్పి ఫోటోలు తియ్యడం. కడిగిన ముక్క కోసేశాను. అందులో నవ్వు లేదు. మిగిలిన దానికి సన్నాయి పెట్టి, చుట్టూ మెరుపులు చల్లి, "బాత్రూం మాస్టారి ప్రీ వెడ్డింగ్ షూట్" అని పేరు పెట్టాను. అక్కడితో ఆగినా బాగుండేది. కింద ఇంకో ముక్క రాశాను: "షూటింగ్ సారుది. క్లీనింగ్ ఏ పిల్లలదో!"

రెండు రోజుల్లో మండలమంతా చూసింది. నా జీవితంలో అంతమంది ఒకేసారి నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

సారు నన్ను టీ కొట్టు దగ్గర పట్టుకున్నారు.

"ఏవయ్యా డైరెక్టరూ, బాగా తీశావు. పొట్టొక్కటే కాస్త ఎక్కువ పడింది."

టీ కొట్టాయన పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. సారు టీ ఊదుకుంటూ గొంతు తగ్గించారు.

"అది సరే గానీ, కడిగేది పిల్లలన్నట్టు రాశావే, ఆ మాట ఊళ్ళో తిరుగుతోందిరా. జూన్లో అడ్మిషన్లు. ఈసారి పిల్లలు తగ్గితే మూడు, నాలుగు, ఐదు తరగతులు ఎత్తుకెళ్ళి పక్కూరి హైస్కూల్లో కలిపేస్తారు. ముందు ముక్క కూడా తీశావుగా?"

"తీశా సార్."

"అది కూడా పెట్టెయ్ నాయనా. నా గురించి మంచి రాయమనట్లేదు. చూస్తే వాళ్ళకే తెలుస్తుంది."

"రేపు పెట్టేస్తా సార్."

ఆ రేపు రాలేదు. మర్చిపోయానని చెప్పొచ్చు, మీరు నమ్ముతారు కూడా. కానీ మర్చిపోలేదు. అది పెడితే నవ్వినవాళ్ళంతా నా వైపు తిరిగి "ఛీ" అంటారని తెలుసు. వాళ్ళు ఇంకా నవ్వుతున్నారు. నాకింకా బాగానే ఉంది.

జూన్లో బడిబాట. టీచర్లిద్దరూ పిల్లల్ని బడికి పంపమని ఇల్లిల్లూ తిరిగే రోజులు. మా వీధికి వచ్చినప్పుడు నేను అరుగు మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాను. మా పక్కింటి పిన్ని గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది.

"మా పిల్లని మీ బాత్రూములు కడగడానికి పంపమంటారా సారూ?"

"పిల్లలతో కడిగించనమ్మా. నేనే కడుగుతా."

"ఆఁ, హెడ్మాస్టారు కడుగుతారంట! వీడియోలో చూశాం లెండి మీరేం చేస్తారో. మాకూ ఫోన్లున్నాయి."

సారు తల తిప్పి నన్ను చూశారు. ఋజువు నా చేతిలో, నా ఫోన్లోనే ఉంది. లేచి నాలుగడుగులు వేసి పిన్నికి చూపిస్తే చాలు. నేను తల వంచుకుని, ఫోన్లో ఏదో ముఖ్యమైనది చదువుతున్నట్టు నటించాను. ఆయన "సరేనమ్మా, ఆలోచించుకోండి. సీటు ఎక్కడికీ పోదు" అని పిన్నికి చెప్పి, తర్వాతి ఇంటి గుమ్మం ఎక్కారు.

సీటు పోయింది. పిల్లలు తగ్గారు, పైనుంచి కాగితం వచ్చింది, మూడు తరగతులు పక్కూరికి వెళ్ళిపోయాయి. దీనికంతటికీ నేనొక్కణ్ణే కారణమంటే అదీ గొప్ప చెప్పుకోవడమే అవుతుంది. బడుల్ని కలిపేవాళ్ళు నా వీడియో కోసం ఆగరు. ప్రైవేటు స్కూలు వ్యాన్లు అంతకుముందే ఊళ్ళోకి వచ్చాయి. కానీ ఆ ఏడాది మా వీధిలో ఎన్ని గుమ్మాలు "వీడియోలో చూశాం లెండి" అన్నాయో అరుగు మీద కూర్చుని నేను విన్నాను. పక్కింటి పిల్ల ఏడాది వ్యాను ఎక్కింది. రెండో ఏడు ఫీజు కట్టలేక దింపేశారు. హైస్కూలుకి రెండు కిలోమీటర్లు, లారీలు తిరిగే రోడ్డు మీద ఒక్కదాన్నీ పంపడానికి పిన్నికి భయం. ఇప్పుడా పిల్ల మిరపకాయల కోతకి తల్లితో పాటు వెళ్తోంది. నేను కనిపిస్తే "అన్నయ్యా, కొత్త వీడియో ఏం చేశావు?" అని అడుగుతుంది. నా వీడియోలంటే దానికి చాలా ఇష్టం.

సారు రిటైరయి ఏడాది తిరక్కుండానే పోయారు. సాయంత్రం జగ్గయ్యపేట వెళ్ళాను. అందరూ భుజం మార్చుకుంటూ జనాజా మోస్తున్నారు. నా వంతు వచ్చినప్పుడు వెనక్కి తగ్గి పక్కాయనకి దారిచ్చాను. అంతా అయ్యాక, హైవే మీద టైర్ల షాపు నడిపే సారుగారబ్బాయి నన్ను గుర్తుపట్టాడు.

"నువ్వేగా ఆ వీడియో తమ్ముడివి?"

తల ఊపాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది.

"చుట్టాలెవరొచ్చినా నాన్న అదే చూపించి నవ్వేవారు. వాడికి చెయ్యి ఉందిరా, పైకొస్తాడు అనేవారు. ఇంకో ముక్క ఉంది, పెడతానన్నాడు, పనుల్లో పడి మర్చిపోయుంటాడు అని కూడా అనేవారు. పెట్టావా తమ్ముడూ? మేం చూడలేదు."

లేదని చెప్పాను.

అదే రోజు ఇంటికొచ్చి కంప్యూటర్లో "పనికిరానివి" అన్న ఫోల్డరు తెరిచాను. ఆ ముక్క పెట్టేశాను. సన్నాయి లేదు, మెరుపులు లేవు, కింద నా రాత లేదు. నవ్వినవాళ్ళలో పదోవంతు కూడా చూడలేదు. పిన్ని చూసింది. మర్నాడంతా మా ఇంటివైపు తలుపు తియ్యలేదు.

మీరు చూడకపోతే, అందులో ఉన్నది ఇది. సారు లోపలి మూల నుంచి కడుగుతూ వెనక్కి వెనక్కి గుమ్మం దాకా వస్తారు, కడిగిన చోట కాలు పడకుండా. బయటికొచ్చి నడుం పట్టుకుని నిటారుగా నిలబడతారు. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని సూటిగా నా వైపు చూస్తారు.

"ఏరా నాయనా, పొద్దున్నే ఎండలో కూర్చున్నావు. టిఫిన్ తిన్నావా?"

సారు చీపురు పెట్టడానికి వరండా మీదుగా వెళ్ళిపోతారు. నున్నటి సిమెంటు మీద ఆయన తడి పాదాలు ఒకదాని వెనక ఒకటి అచ్చుపడతాయి. ఇవతలివి అంచుల నుంచి ఆరిపోతూ వస్తుంటాయి. తరగతి గుమ్మం దగ్గరిది ఇంకా తడిగానే ఉంటుంది.