పేరు రాయని గడి

మొన్న ఆదివారం పొద్దున్న యానాం ఫరంపేటలో మా ఇంటి నడవలో ఉన్నవి ఇవి: నాన్న, అమ్మ, నేను, సున్నాలు వేసేవాళ్ళు మర్నాడు వస్తారని గోడకి ఎడంగా జరిపిన బీరువా ఒకటి, మంచం కింద నుంచి లాగిన ఆకుపచ్చ ఇనప్పెట్టె ఒకటి, అందులో ఎర్ర నాడా కట్టిన పాత ఆఫీసు కాగితాల కట్టలు మూడు, గుడ్డ ఊడిపోయిన గొడుగు ఒకటి, కలరా ఉండలు కొన్ని, అన్నిటికీ అడుగున నీలం అట్ట లాంగ్ సైజు పుస్తకం ఒకటి. ఆ పుస్తకం నాది. దాన్ని చూసి రెండేళ్ళయింది. నా గదిలోంచి మా బావ కాజేశాడన్న నమ్మకంతో ఆ రెండేళ్ళూ బావతో మాటలు మానేశాను. పైకి తీసి దులిపితే కుట్టు మధ్యలోంచి ఇసక రాలింది. అమ్మ నాన్న వైపు చూసి, "ఇంకెందుకు, చెప్పెయ్యండి" అంది. నాన్న గొడుగు తెరిచే ప్రయత్నంలో ఉన్నారు. దానికి గుడ్డ లేదన్న సంగతి ఆయనకి అప్పుడు గుర్తున్నట్టు లేదు.

ఆ పుస్తకం పుట్టుక చెప్పాలంటే ముందు నాన్న ఉద్యోగం చెప్పాలి. యానాం వాళ్ళకి రాజధాని పాండిచ్చేరి. మన రాజధానికి మనం వెళ్ళాలంటే రెండు రాష్ట్రాల నేల మీదుగా పోవాలి. నాన్న ఇక్కడి ఆఫీసులో తపాలు చూసే గుమాస్తా. నెలకో రెణ్ణెల్లకో ఫైళ్ళ సంచీ పట్టుకుని మధ్యాహ్నం కాకినాడలో రైలెక్కేవారు. మర్నాడు పొద్దున్న పాండీలో దిగడం, ఫైళ్ళు అప్పజెప్పడం, అందినట్టు సంతకం పెట్టించుకోవడం, అక్కడిచ్చిన ఫైళ్ళతో మళ్ళీ స్టేషనుకి రావడం. సముద్రం ఆ ఆఫీసుకి నాలుగు వీధుల అవతలే ఉందిట. ఉద్యోగం చేసినన్నాళ్ళలో ఒక్కసారీ వెళ్ళి చూడలేదు. ఎందుకు వెళ్ళలేదని చిన్నప్పుడు అడిగితే, "ఫైలు చేతిలో పెట్టుకుని బీచికేం వెళ్తాం రా" అనేవారు. చేతిలో ఫైలు లేని ఘడియ ఆయనకి పాండీలో దొరకలేదు. ఇంట్లో కూడా ఆయన పద్ధతి అదే. పక్కింటివాళ్ళు నిచ్చెన అడిగినా చిన్న కాగితం మీద సంతకం తీసుకుని ఇచ్చేవారు. వాళ్ళు నవ్వుతూ పెట్టేవారు. నాన్న మాత్రం నవ్వేవారు కాదు.

ఆయన రిటైరయిన ఏడాది నాకో ఆలోచన వచ్చింది. రైలు చీకట్లో దాటించేసిన ఆ దూరాన్ని పగటి పూట, కారులో, సముద్రం పక్కనుంచి, ఏడు రోజులు తీరిగ్గా వెళ్దామని. నాన్న ముందు సీట్లో కూర్చోవాలి. కారు మా బావది. బావంటే నాన్న చెల్లెలి కొడుకు, నాకన్నా నాలుగేళ్ళు పెద్ద; దరియాలతిప్పలో కాపురం, రొయ్యల మేత వ్యాపారం, ఏడుగురు పట్టే బండి. చెప్పగానే ఒప్పుకున్నాడు. "నువ్వు గీతలు గీసుకోరా బామ్మర్దీ, నేను స్టీరింగు తిప్పుతాను" అన్నాడు. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే అప్పటికప్పుడు వెళ్ళి ఈ నీలం అట్ట పుస్తకం కొన్నాను.

నేను చదివింది మెకానికల్ డిప్లొమా. చేసేది రొయ్యల చెరువుల మీద నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లూ మోటార్లూ చూసే పని. గంటగంటకీ రీడింగు రాయకపోతే ఏదో తప్పు చేసినట్టుండే బతుకు. కాబట్టి ఆ పుస్తకంలో ఒక్కో రోజుకి నాలుగు పేజీలు, పేజీకి ఎనిమిది గళ్ళు: బయల్దేరే టైము, దూరం, రోడ్డు పరిస్థితి, సముద్రం పోటూ పాటూ, భోజనం, రాత్రి బస, ఫోను నంబరు, ఒక ఖాళీ గడి. బండి యాభై దాటకూడదు. మొదటి రోజు ఎదుర్లంక వంతెన దాటి, అమలాపురం మీదుగా సఖినేటిపల్లి రేవుకి. అక్కడ కారుని పంటు మీదికెక్కించి, గోదావరి దాటి నరసాపురం. ఆ పంటు మీద నాన్నని కారు దింపి రెయిలింగు దగ్గర నిలబెట్టాలని కూడా రాసుకున్నాను. రెండో రోజు బందరు, హంసలదీవి. మూడో రోజు బాపట్ల దగ్గర సూర్యలంక. అలా కొత్తపట్నం, మైపాడు, పులికాట్ చెరువు, మహాబలిపురం. ఏడో రోజు మధ్యాహ్నానికి పాండీ. ఆ ఆఫీసు ముందునుంచి, చేతిలో ఏమీ లేకుండా, నాలుగు వీధులూ నడిచి సముద్రం దగ్గరికి. నడవడానికి ఇరవై నిమిషాలు రాశాను. తర్వాత కొట్టేసి గంట రాశాను.

ఇక ఆ ఖాళీ గడి. నాన్నకి రిటైరవడానికి ముందునుంచే గంటా గంటన్నరకోసారి బాత్రూముకి వెళ్ళాల్సొస్తోంది. ఆయన ఎవరికీ చెప్పలేదు. పెళ్ళిళ్ళలో చివరి కుర్చీ వెతుక్కోవడం, బస్సెక్కే రోజు పొద్దున్నుంచీ మంచినీళ్ళు ముట్టుకోకపోవడం, కాకినాడ నుంచి వస్తూ ఏదో పనున్నట్టు మధ్యలో దిగిపోవడం చూసి నేను తెలుసుకున్నాను. ఆయన దాచుకున్నదాన్ని నేను గడి పైన పేరు పెట్టి రాయడం బావుండదనిపించింది. అందుకే పేరు లేకుండా ఉత్త టిక్కులే పెట్టాను. ఒక్కో టిక్కుకీ ఒక చోటు: శుభ్రంగా ఉండే పెట్రోలు బంకు, బస్టాండు, ఒక పెద్ద చర్చి ఆవరణ, ఒకచోట ఏమీ దొరక్క ఐసు ఫ్యాక్టరీ. ఆ ఐసు ఫ్యాక్టరీ వాచ్‌మన్‌తో మూడుసార్లు ఫోనులో మాట్లాడాను. మొదటిసారి ఆయన నేను ఐసు కొంటాననుకున్నాడు. అలా అయిదు నెలలు. బసలూ భోజనాలూ కూడా ఇలాగే. సూర్యలంక దగ్గర నాలుగు గదులూ ఒక మెస్సూ నడిపే పెద్దావిడకి నా గొంతు అలవాటైపోయి, నాన్నకి పంటినొప్పి ఎలా ఉందని కూడా అడిగేది.

ప్రయాణం సంగతి వీధిలో పొక్కింది. మా ఊళ్ళో ఎవరైనా పాండీ వెళ్తున్నారంటే వాళ్ళ చేతికి కాగితాలివ్వడం ఆనవాయితీ. ఏడు రోజులు పడుతుందని చెప్పినా ఎవరూ వినలేదు. ఎదురింటాయన పెన్షను అర్జీ తెచ్చాడు. "ఎల్తన్నారంట కదండీ. ఇదోటి ఆ పెద్దాఫీసులో ఇచ్చేద్దురూ. అర్జంటండి." అర్జంటయితే పోస్టులో వెయ్యండి, మేం మధ్యలో పీతల కూర తినడానికి కూడా ఆగుతాం అన్నాను. "పోస్టుని నమ్మలేవండి. మీరైతే మనోళ్ళు" అన్నాడాయన. మొత్తం తొమ్మిది కవర్లు పోగయ్యాయి. నాన్న వాటికి వరస నంబర్లు వేశారు. ఆయన మొహంలో అప్పుడు ఉత్సాహమే చూశాను. ఎండకని కొన్న టోపీ మేకుకి తగిలించి, వచ్చేపోయేవాళ్ళకి చూపించేవారు.

నాలుగు రోజులుందనగా బావ వచ్చి గేర్‌బాక్సు పోయిందన్నాడు. బండి విజయవాడ పంపేశాననీ, పదిహేను రోజులు పడుతుందనీ, అప్పటికి తనకి సీజను మొదలైపోతుందనీ చెప్పాడు. నేను ఏ గేరు పడటం లేదు, శబ్దం ఎలా ఉంది అని ఆరు ప్రశ్నలు వేశాను. ఒక్కదానికీ సరైన జవాబు రాలేదు. బండి నడపడమే గాని లోపల ఏముంటుందో వాడికి తెలీదులే అనుకున్నాను. నాన్న పడక్కుర్చీలోంచే, "పోన్లేరా. సముద్రం ఎక్కడికి పోతుంది" అన్నారు. ఎంత గొప్ప మనసో అనుకున్నాను. బసల వాళ్ళందరికీ ఫోన్లు చేసి రద్దు చెప్పడానికి పుస్తకం కోసం చూస్తే అది బల్ల మీద లేదు. ఇల్లంతా వెతికాను. ఆ వెతుకులాటలోనే వారం గడిచిపోయింది.

ఎనిమిదో రోజు సూర్యలంక పెద్దావిడ ఫోను చేసింది. "యానాం బాబేగా మాట్లాడేది? మీవాళ్ళు నల్లద్దాలు మర్చిపోయారయ్యా. దానిక్కాదులే నేను చేసింది. పెద్దాయనకి మెట్లెక్కే పని లేకుండా కిందిగది కడిగి అట్టిపెట్టానా, మీరేమో పైగదే కావాలన్నారు. మెత్తగా వండిన అన్నం అట్నే ఉండిపోయింది. పెద్దాయనేడీ అంటే నవ్వి ఊరుకున్నారు. జరక్కూడనిది ఏమన్నా జరిగిందేమోనని అడగలేకపోయాను. అప్పట్నుంచీ మనసు మనసులో లేదు."

నేను రాలేదమ్మా అన్నాను. ఆవిడకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. నాకూ అంతే. వచ్చినవాళ్ళు ముగ్గురనీ, ఏడుగురు పట్టే బండిలో వచ్చారనీ, బండి నడిపినాయన నా పేరే చెప్పాడనీ, చేతిలో నీలం అట్ట పుస్తకం ఉందనీ చెప్పింది. మా నాన్న బాగానే ఉన్నారని చెప్పాను. "అమ్మయ్య" అని పెట్టేసింది. ఆ ప్రయాణం గురించి సంతోషించిన మనిషి ఆవిడ ఒక్కతే.

బావ వెనక్కొచ్చిన రోజే దరియాలతిప్ప వెళ్ళాను. బండి ముంగిట్లోనే ఉంది, చక్రాల అంచుల నిండా ఇసక. గేర్‌బాక్సు అద్భుతంగా ఉంది. వాడు తన భార్య తమ్ముళ్ళిద్దరితో వెళ్ళొచ్చాడు. నా మొహం చూసి అబద్ధం కట్టే ఓపిక లేనట్టు అరుగు మీద కూర్చున్నాడు.

"నాతో ఎందుకు రాలేదు?"

"నీతో వస్తే అది టూరు కాదురా, తనిఖీ. పది పదికి కొబ్బరి బోండాం, పది పాతిక్కి బయల్దేరుట. నవ్వడానికి ఏ గడిలో రాశావో వెతుక్కోవాలి."

"మరి ఆ తనిఖీ పుస్తకం ఎందుకు పట్టుకెళ్ళావు?"

"బావుంది కాబట్టి" అన్నాడు. ఎవరిచ్చారు, ఎప్పుడు తీశావు అంటే నోరు విప్పలేదు. ఆ వారంలో నా గదిలోకి వచ్చినవాళ్ళ జాబితా ఇంటికొచ్చి రాశాను: అమ్మ, నాన్న, ఫ్యాను బాగుచేసినతను, బావ. మొదటి రెండూ వెంటనే కొట్టేశాను. మూడోవాడికి దాంతో పనిలేదు. మిగిలింది ఒక్కడు. ఆ లెక్క సరిగ్గానే వేశాననుకుని రెండు వినాయక చవితులు, వాడి కూతురి అన్నప్రాశన, మా మేనత్త కంటి ఆపరేషను, అన్నిట్లోనూ వాడు నిలబడ్డ వైపు కాకుండా ఇవతలి వైపు నిలబడ్డాను. వాడు ఒకటి రెండుసార్లు పలకరించబోయాడు. వాడి తరఫున మాట్లాడబోయిన నాన్నని కూడా కసిరాను.

మొన్న నడవలో పుస్తకం ఆఖరి పేజీ తిప్పాను. నాన్న దస్తూరీలో, గీత గీసి, వరసగా ఉంది: "పై పుస్తకము ఒకటి, పేజీలు చెక్కుచెదరక, ప్రయాణము నిమిత్తము ఇవ్వడమైనది." దాని కింద బావ సంతకం. ఇంకో గీత. "తిరిగి అందినది. అట్ట తడిసినది." దాని కింద నాన్న సంతకం. రెండింటికీ తేదీలు.

"గేర్‌బాక్సు అని నేనే చెప్పమన్నాను" అన్నారు నాన్న, గొడుగుతోటే. "బండి ఊళ్ళోనే ఉందంటే నువ్వెళ్ళి విప్పేస్తావని విజయవాడ అనమన్నాను. వాడికి పాపం నోరు తిరగలేదు."

ఎందుకని అడిగాను.

"గంటకోసారి దిగాలి రా నాకు. మీరంతా కబుర్లలో ఉంటే నేను ఆపండి ఆపండి అనాలి. తీరా ఆపితే రోడ్డు పక్కన నిలబడాలి. నీకు చెబితే ప్రయాణం మానేస్తావు. చెప్పకపోతే తీసుకెళ్ళిపోతావు."

"మరి పుస్తకం?"

"వాడు వాళ్ళ బామ్మర్దులతో వెళ్తానన్నాడు. ఆ సంగతి నాకు ముందు తెలీదు. తెలిశాక, వెళ్ళేవాడి చేతికి కాగితం ఇవ్వకుండా ఎలా ఉంటాను? నాపేరు మాత్రం చెప్పకురా అన్నాను. ఇన్నాళ్ళూ చెప్పలేదు చూశావా." ఆ చివరి మాటలో మేనల్లుడి మీద కాస్త గర్వం కూడా వినపడింది.

"రెండేళ్ళు, నాన్నా" అన్నాను. అమ్మ ఆ మాట తనదన్నట్టు, "నేను మొదటి నెల్లోనే చెప్పేను, చెప్పెయ్యండని. వింటేగా" అంది. అంటే అమ్మకీ తెలుసు. నేను కొట్టేసిన రెండు పేర్లే ఆ జాబితాలో ఉండాల్సినవి.

నాకు కోపం తగ్గిందని చెప్పను. అది ఎవరి మీదో ఇప్పటికీ తేల్చుకోలేదు. బావకి ఫోను చెయ్యాలి. నంబరు నా ఫోనులో లేదు, ఈ పుస్తకం మొదటి పేజీలో ఉంది. పుస్తకం నాన్న ఒళ్ళో పెట్టి, మొదటి రోజు పేజీ తీసి, పేరు రాయని గడి చూపించాను.

"ఇవేంటని మీ బావ కూడా అడిగాడు రా. పీతలు దొరికే చోట్లేమో అన్నాను."

"మీరు దిగే చోట్లు."

నాన్న కళ్ళజోడు పెట్టుకున్నారు. ఐసు ఫ్యాక్టరీ పక్కన చిన్నక్షరాలతో రాసిన వాచ్‌మన్ డ్యూటీ వేళలు చదివారు. పేజీ తిప్పారు. రెండేళ్ళ కిందటి పోటూ పాటూ వేళలు ఇంకెవరికీ పనికిరావు. ఆ ఫ్యాక్టరీ ఉందో లేదో, ఆ వాచ్‌మన్ మానేశాడో. నాన్న ఇప్పుడు గంట కూడా ఆగలేరు. అమ్మ ఇసక ఊడవడానికి చీపురు తెచ్చింది. ఫైలు కట్టేముందు జతపరిచిన కాగితాలు లెక్కపెట్టే అలవాటు కొద్దీ, ఆయన యానాం నుంచి పాండీ దాకా ఒక్కొక్క టిక్కు మీదా చూపుడు వేలు పెట్టుకుంటూ వెళ్ళారు.

ఇరవై మూడు.